వాణిజ్య విధాన పత్రాలు, మౌఖిక చరిత్రలు: డిజిటల్ ఆర్కైవులు

దేశాలు తమలో తాము కుదుర్చుకున్న సుంకాల ఒప్పందాలు, వాటి వెనుక నడిచిన చర్చల నివేదికలు, ముసాయిదాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు వాణిజ్య విధాన పత్రాలు. ఆ చర్చల్లో కూర్చున్నవారు, వాటి ఫలితాన్ని అనుభవించినవారు స్వయంగా చెప్పగా రికార్డు చేసినవి మౌఖిక చరిత్రలు. ఈ రెండు రకాల ఆధారాలను కంప్యూటర్లలో పదిలపరచి, ఎవరైనా వెతికి చదువుకునేలా, వినేలా చేసే వ్యవస్థలు డిజిటల్ ఆర్కైవులు.

ఏ సరుకుపై ఎంత సుంకం, ఏ తేదీ నుంచి అమలు, ఎవరు సంతకం చేశారు అన్నవి పత్రంలో దొరుకుతాయి. ఆ నిర్ణయం ఏ బేరంతో కుదిరింది, ఎవరి బతుకు మీద పడింది అన్నది చాలాసార్లు దొరకదు. అందుకే వాణిజ్య చరిత్రకారులు పత్రాన్నీ జ్ఞాపకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈ వ్యాసం ముఖ్యంగా 'గాట్' పత్రాలను, వాటికి సంబంధం ఉన్న మౌఖిక చరిత్ర సేకరణలను ఉదాహరణగా తీసుకుంటుంది.

గాట్: పత్రాల పుట్టుక

1947 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు జెనీవాలో సాగిన బేరసారాల ఫలితం సుంకాలు, వాణిజ్యాలపై సాధారణ ఒప్పందం. పత్రికల భాషలో ఇదే గాట్. 1947 అక్టోబరు 30న 23 దేశాలు దీన్ని ఖరారు చేశాయి. 1948 జనవరి 1న తాత్కాలికంగా అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వాణిజ్య సంస్థ ఏర్పడేదాకా పని గడిపే ఏర్పాటుగానే దీన్ని తలపెట్టారు. ఆ సంస్థ కోసం 1948 మార్చిలో హవానాలో కుదిరిన నిబంధనావళికి అమెరికన్ కాంగ్రెస్ ఆమోదం దక్కలేదు. దాంతో తాత్కాలిక ఒప్పందమే ఎనిమిది రౌండ్ల చర్చలతో ప్రపంచ వాణిజ్యాన్ని నడిపింది. చివరిదైన ఉరుగ్వే రౌండ్ 1986లో మొదలై, 1994 ఏప్రిల్ 15న మొరాకోలోని మర్రకేష్‌లో సంతకాలతో ముగిసింది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది.

ఈ సుదీర్ఘ కాలంలో పోగుపడిన కాగితాలకు గాట్ సచివాలయం ఒక సంకేత పద్ధతి పాటించింది. సాధారణ చర్చాపత్రాలు 'ఎల్' వరుసలో, మండలి సమావేశాల నివేదికలు 'సి/ఎమ్' వరుసలో, బహుముఖ చర్చల పత్రాలు 'ఎమ్‌టీఎన్' వరుసలో చేరాయి. సుంకాల బేరానికి సంబంధించిన సున్నితమైన కాగితాలకు 'సీక్రెట్' అన్న ముద్రే సంకేతం. ఉరుగ్వే రౌండ్‌లో వచ్చి భారతదేశంలో పెద్ద దుమారం రేపిన డంకెల్ ముసాయిదా సంకేతం 'ఎమ్‌టీఎన్.టీఎన్‌సీ/డబ్ల్యూ/ఎఫ్ఏ'. ఇవి తెలిసిన పరిశోధకుడికి వేల పత్రాల్లో దారి దొరుకుతుంది. డిజిటల్ ఆర్కైవ్ కట్టినవారికి కూడా వర్గీకరణ పని సగం ముందే చేసి పెట్టినట్టయింది.

దేశాలు ఇచ్చిన సుంకాల హామీల పట్టికలకు షెడ్యూళ్లని పేరు. భారత్‌ది 12వ షెడ్యూలు, పాకిస్తాన్‌ది 15వది. ఇప్పటికీ ప్రపంచ వాణిజ్య సంస్థలో భారత్ సుంకాల హామీల పట్టిక అదే అంకెతో ఉంది.

రహస్యం వీడిన క్రమం

గాట్ కాలంలో చాలా పత్రాలు సభ్య ప్రభుత్వాలకే పరిమితం. ప్రజలకు, చట్టసభలకు, పత్రికలకు అవి అందేవి కావు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడ్డాక ఒత్తిడి పెరిగి, 1996లో పత్రాల విడుదలకు నియమాలు వచ్చాయి. 2002 మే నెలలో సాధారణ మండలి వాటిని సవరించింది. ఎనిమిది, తొమ్మిది నెలలు పట్టే విడుదల ఆరు నుంచి పన్నెండు వారాలకు తగ్గింది. అధిక భాగం పత్రాలు పుట్టినప్పుడే బహిరంగమయ్యాయి. 2006 మే 15న తీసుకున్న మరో నిర్ణయంతో గాట్ కాలపు అధికారిక పత్రాలకు ఉన్న ఆంక్షలు తొలగిపోయాయి.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ప్రపంచ వాణిజ్య సంస్థతో కలిసి 1947–1994 మధ్య కాలపు గాట్ పత్రాలను స్కాన్ చేసి 'గాట్ డిజిటల్ లైబ్రరీ'గా నిలిపింది. 1995 తర్వాతి పత్రాలు ప్రపంచ వాణిజ్య సంస్థ సొంత ఆన్‌లైన్ సేవలో ఇంగ్లిషు, ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో దొరుకుతాయి. ఒకప్పుడు జెనీవా వెళ్లి అనుమతి తెచ్చుకుంటే తప్ప కనబడని నివేదికను ఇవాళ గుంటూరులో కూర్చుని చదవవచ్చు.

పత్రానికి అందనివి

బహిరంగపరచినంత మాత్రాన కథంతా తెలిసిపోదు. గాట్‌లో, ఆ తర్వాత ప్రపంచ వాణిజ్య సంస్థలో అసలు బేరాలు చాలావరకు 'గ్రీన్ రూమ్' సమావేశాల్లో నడిచాయి. డైరెక్టర్ జనరల్ సమావేశ మందిరం రంగును బట్టి వచ్చిన పేరది. కొద్ది దేశాల ప్రతినిధులను పిలిచి జరిపే ఈ అనధికార సంప్రదింపులకు అధికారిక నివేదికలు ఉండవు. ఎవరు ఏ మాట మీద పట్టు పట్టారు, ఎవరు ఎక్కడ మెత్తబడ్డారు అన్నది అక్కడున్నవారు చెబితేనే తెలుస్తుంది.

మౌఖిక చరిత్రను విశ్వవిద్యాలయ స్థాయిలో పద్ధతిగా మొదలుపెట్టినవాడు చరిత్రకారుడు అలన్ నెవిన్స్. 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన ఈ పనికి పునాది వేశారు. ప్రపంచ బ్యాంకు 1961లో అదే విశ్వవిద్యాలయం సహాయంతో తన అధికారుల జ్ఞాపకాలను రికార్డు చేయించడం ప్రారంభించింది. అమెరికన్ దౌత్యవేత్తల ఇంటర్వ్యూలను దౌత్య అధ్యయన శిక్షణ సంఘం 1980ల నుంచి సేకరిస్తోంది. ఇప్పటికి రెండు వేలకు మించిన ఆ సంభాషణల్లో వాణిజ్య చర్చల్లో పాల్గొన్నవారివీ ఉన్నాయి. 1947 జెనీవా చర్చల్లో అమెరికా పక్షాన పనిచేసిన విన్‌త్రాప్ బ్రౌన్, జాన్ లెడ్డీల ఇంటర్వ్యూలను ట్రూమన్ అధ్యక్ష గ్రంథాలయం 1970ల్లో తీసుకుంది. వాటి రాతప్రతులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం.

ఇలాంటి సేకరణల్లో ఎక్కువ భాగం అధికారుల గొంతులే. సుంకం తగ్గిన తర్వాత మగ్గం ఆపిన నేతగాడు, సరిహద్దు పడ్డాక సరుకు పోగొట్టుకున్న వర్తకుడు విధాన చరిత్రలో అంకెలుగానే మిగిలిపోతారు. ఈ లోటును పూడ్చేవి సామాన్యుల మౌఖిక చరిత్రలు.

1947: ఒకే ఏడాది, రెండు సేకరణలు

జెనీవాలో సుంకాల బేరం నడుస్తుండగానే ఆగస్టులో దేశ విభజన జరిగింది. ఏప్రిల్‌లో చర్చలకు వెళ్లింది అవిభక్త భారతదేశం. అక్టోబరులో తుది పత్రంలో నమోదైన 23 దేశాల్లో భారత్, పాకిస్తాన్ వేర్వేరుగా ఉన్నాయి. ఒప్పందంలోని 24వ అధికరణం 11వ పేరా ఈ చీలిక కోసమే రాసింది. రెండు దేశాలూ చాలాకాలం ఒకే ఆర్థిక వ్యవస్థగా ఉన్నాయని గుర్తిస్తూ, పరస్పర వాణిజ్యం ఒక కుదురుకు వచ్చేదాకా ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చని అది అనుమతి ఇచ్చింది.

విభజన గురించి గాట్ ఒప్పందం చెప్పింది ఆ ఒక్క పేరాయే. నేల మీద జరిగింది అంతకంటే చాలా ఎక్కువ. జనపనార పండే పొలాలు ఎక్కువగా తూర్పు బెంగాల్‌లో, దాన్ని వాడే మిల్లులు కలకత్తా చుట్టూ ఉండేవి. సరుకుల రాకపోకలపై కుదిరిన తాత్కాలిక ఏర్పాటు 1948 ఫిబ్రవరి 29తో ముగిసింది. మర్నాటి నుంచి కస్టమ్స్ లెక్కల్లో పాకిస్తాన్ పరాయి దేశం. 1949 సెప్టెంబరులో భారత్ రూపాయి విలువ తగ్గించగా పాకిస్తాన్ తగ్గించలేదు. దాంతో రెండు దేశాల మధ్య వ్యాపారం దాదాపు స్తంభించింది.

ఈ మార్పును బతికి చూసినవారి మాటలను 'ద 1947 పార్టిషన్ ఆర్కైవ్' సేకరిస్తోంది. భౌతిక శాస్త్రవేత్త గునీతా సింగ్ భల్లా కాలిఫోర్నియాలోని బర్క్‌లీ కేంద్రంగా దీన్ని నెలకొల్పారు. శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు వీడియోలో రికార్డు చేసిన జ్ఞాపకాలు పది వేలు దాటాయి. ఈ సేకరణకు డిజిటల్ నిలయం కూడా స్టాన్‌ఫర్డ్ గ్రంథాలయమే. అంటే గాట్ సుంకాల పట్టికలు, విభజన కాలపు జ్ఞాపకాలు ఒకే గ్రంథాలయ వ్యవస్థలో భద్రంగా ఉన్నాయి. అయినా ఒకదాని నుంచి రెండోదానికి వెళ్లే దారిని పరిశోధకుడే వేసుకోవాలి. పత్రాలు సంకేతాలతో, జ్ఞాపకాలు ఊళ్ల పేర్లతో, వలస దారులతో వర్గీకరించి ఉంటాయి. 'జనపనార' అన్న మాటతో రెండు చోట్లా వెతకగలిగితేనే పత్రమూ నోటి మాటా ఒకదానికొకటి సాక్ష్యం పలుకుతాయి.

భారతదేశంలో

1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్‌గా మొదలైన సంస్థ నేటి భారత జాతీయ అభిలేఖాగారం. అదే తేదీన 2015లో 'అభిలేఖ్ పటల్' అనే వెబ్ సేవను అది ప్రారంభించింది. వాణిజ్య శాఖ పాత దస్త్రాల సూచికలు, స్కాన్ ప్రతులు అందులో దొరుకుతాయి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం ప్రభుత్వ దస్త్రాన్ని నియమాలకు విరుద్ధంగా నాశనం చేస్తే ఐదేళ్ల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2005 సమాచార హక్కు చట్టం 20 ఏళ్లు దాటిన సంగతులపై చాలా మినహాయింపులను ఎత్తివేసింది. విదేశాలతో సంబంధాలు, మంత్రివర్గ పత్రాలు మాత్రం ఆ తర్వాత కూడా మినహాయింపులోనే ఉన్నాయి. వాణిజ్య చర్చల కాగితాలు తరచు ఈ రెంటి కిందికే వస్తాయి.

స్వాతంత్ర్యోద్యమ నాయకులు, అధికారుల మౌఖిక చరిత్రలకు ఢిల్లీలోని నెహ్రూ స్మారక మ్యూజియం, గ్రంథాలయం పేరుపడింది. 2023లో దాని పేరు ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయంగా మారింది.

ఉరుగ్వే రౌండ్ వివాదం భారతీయ ఆర్కైవులకు పెద్ద పరీక్ష. 1991 డిసెంబరు 20న గాట్ డైరెక్టర్ జనరల్ ఆర్థర్ డంకెల్ నాలుగు వందల పైచిలుకు పేజీల ముసాయిదాను సభ్య దేశాల ముందుంచారు. విత్తనాలు, పేటెంట్లు, సాగు రాయితీల మీద దాని ప్రభావం ఎలా ఉంటుందోనన్న భయం ఊరూరా పాకింది. 1992 డిసెంబరులో కర్ణాటక రాజ్య రైతు సంఘం కార్యకర్తలు బెంగళూరులోని కార్గిల్ కంపెనీ కార్యాలయంపై దాడి చేశారు. తెలుగు పత్రికల్లో, రైతు సభల్లో 'డంకెల్ ప్రతిపాదనలు' నిత్యం వినబడిన మాట. 1994లో మర్రకేష్‌లో భారత్ తరఫున సంతకం చేసింది అప్పటి వాణిజ్య మంత్రి ప్రణబ్ ముఖర్జీ. ముసాయిదా ప్రతి అక్షరమూ డిజిటల్‌గా భద్రంగా ఉంది. దాన్ని ఎదిరించిన సభల కరపత్రాలు, పాటలు, ప్రసంగాల క్యాసెట్లకు అంత సంస్థాగత రక్షణ లేదు.

తెలుగువారితో ముడిపడినవి

వాణిజ్య విధానం తెలుగు నేలను తాకిన చరిత్ర పాతది. 17వ శతాబ్ది తొలి ఏళ్లలోనే డచ్చి, ఇంగ్లిషు కంపెనీలు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టాయి. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు ఐరోపాను ఎంతగా ఆకట్టుకున్నాయంటే, తమ నేతపనివారిని కాపాడుకోవడానికి ఇంగ్లండు పార్లమెంటు 1700లో, బ్రిటిష్ పార్లమెంటు 1721లో నిషేధ చట్టాలు చేశాయి. ఈ కాలపు ఇంగ్లిషు కంపెనీ రికార్డులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. డచ్చి కంపెనీ రికార్డులను యునెస్కో 2003లో 'ప్రపంచ స్మృతి' పట్టికలో చేర్చింది. చేతిరాతను చదవగల సాఫ్ట్‌వేర్‌తో వాటిలో లక్షల పేజీలను నెదర్లాండ్స్ పరిశోధకులు వెతకదగిన పాఠంగా మార్చారు.

హైదరాబాద్ రాజ్యానికి సొంత సుంకాల వ్యవస్థ ఉండేది. దాని పేరు కరోడ్‌గిరీ. నిజాం పాలన నాటి ఉర్దూ, పారశీ దస్త్రాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ నిలయం. మౌఖిక చరిత్రలో తెలుగుకు గట్టి పునాది ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' దేశంలోనే ఈ రంగంలో తొలి ప్రయత్నాల్లో ఒకటి.

సేవల వాణిజ్యంపై 1995లో అమల్లోకి వచ్చిన ఒప్పందంలో అమెరికా ఇచ్చిన హామీల పట్టికలో 65,000 అన్న అంకె ఉంది. ప్రత్యేక నైపుణ్యం గల విదేశీయులను ఏటా అంతమందిని రానిస్తామన్న మాట అది. హెచ్-1బి వీసాల పరిమితిగా తెలుగిళ్లలో వినబడేది ఆ అంకే. ఆ దారిన వెళ్లినవారి తొలిరోజుల అనుభవాలు వాణిజ్య పత్రాల్లో ఉండవు. 2008లో ఏర్పడిన దక్షిణాసియా అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ 'ఫస్ట్ డేస్' అనే పథకం కింద వలస వచ్చినవారి మొదటి రోజు జ్ఞాపకాలను సేకరిస్తోంది.

భద్రపరిచే పద్ధతులు

స్కాన్ చేసి ఫైలును దాచడం తొలి మెట్టు మాత్రమే. డిజిటల్ ఆర్కైవులు పాటించే ప్రధాన నమూనా అంతరిక్ష సంస్థల కమిటీ రూపొందించిన 'ఓఏఐఎస్'. 2003లో అది ఐఎస్ఓ 14721 ప్రమాణమైంది. అందిన ఫైలు, దాచే ఫైలు, పాఠకుడికి ఇచ్చే ఫైలు మూడూ వేర్వేరుగా ఉండాలన్నది దీని సారం. పత్రాలకు టిఫ్, పిడిఎఫ్/ఎ రూపాలు, శబ్దానికి కుదించని వేవ్ రూపం వాడుకలో ఉన్నాయి. అంతర్జాతీయ శబ్ద ఆర్కైవుల సంఘం సూచించే 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతలో ఒక గంట స్టీరియో రికార్డింగుకు సుమారు 2 గిగాబైట్లు పడుతుంది.

ఫైలు చెక్కుచెదరలేదని తేల్చేది చెక్‌సమ్ అనే గణిత ముద్ర. ఒక్క బిట్ మారినా ముద్ర మారిపోతుంది. అప్పుడు మరో చోట ఉన్న మంచి ప్రతితో సరిచేస్తారు. అందుకే వేర్వేరు ఊళ్లలో ప్రతులుండటం తప్పనిసరి. ఈ సూత్రం మీద కట్టిన 'లాక్స్' వ్యవస్థ 1999లో స్టాన్‌ఫర్డ్‌లోనే పుట్టింది.

దీనికి మన దగ్గరే పాఠం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన 'మిలియన్ బుక్' పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లక్షల పుస్తకాలను స్కాన్ చేసింది. ఆ వెబ్‌సైటు తర్వాత మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు ఉండబట్టి వేల తెలుగు పుస్తకాలు ఇవాళ్టికీ అందుతున్నాయి.

శబ్దం విషయంలో గడువు మరీ తక్కువ. అయస్కాంత టేపులను ఆడించే యంత్రాలు, విడిభాగాలు మాయమవుతున్నాయని యునెస్కో, శబ్ద ఆర్కైవుల సంఘం 2019లో హెచ్చరిక జారీ చేశాయి. రెండు గంటల ఇంటర్వ్యూలో కావలసిన మాట పట్టుకోవడం మరో సమస్య. కెంటకీ విశ్వవిద్యాలయంలో తయారైన 'ఓమ్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాతప్రతిలోని మాటను రికార్డింగులోని క్షణానికి జోడిస్తుంది.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కినా, ఎన్నో ఏళ్ల పత్రికలు, కరపత్రాలు, నివేదికలు అను వంటి పాత ఫాంట్లలో టైపు అయ్యాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడం కూడా పరిరక్షణలో భాగమే. మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ పత్రికా భాషను పట్టుకున్నంత తేలిగ్గా శ్రీకాకుళం, కరీంనగర్, రాయలసీమ యాసలను పట్టుకోదు. ఆ యాస తెలిసిన మనిషి సరిచూడవలసిందే.

హక్కులు, నైతికత, నమ్మకం

ప్రభుత్వ పత్రానికి యజమాని ప్రభుత్వం. జ్ఞాపకానికి యజమాని చెప్పిన మనిషి. ఇంటర్వ్యూకు ముందే రాతపూర్వక సమ్మతి, ఎవరు ఎప్పుడు వినవచ్చన్న షరతు, వెనక్కి తీసుకునే వీలు ఉండాలన్నది వృత్తి నియమం. అయితే మాట ఇచ్చినా చట్టం ముందు నిలబడకపోవచ్చు. ఉత్తర ఐర్లండ్ సాయుధ వర్గాల మాజీ సభ్యులను బోస్టన్ కాలేజీ ఇంటర్వ్యూ చేసి, వారు బతికున్నంత కాలం బయటపెట్టబోమని మాట ఇచ్చింది. 2011లో బ్రిటిష్ పోలీసుల కోరికపై కోర్టు సమన్లు వచ్చి కొన్ని రికార్డింగులు అప్పగించవలసి వచ్చింది. చట్టం ఒప్పుకునే హామీనే ఇవ్వాలన్నది అప్పటి నుంచి మౌఖిక చరిత్రకారులకు పాఠం. భారతదేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, నిర్ణీత ప్రమాణాలు పాటించే పరిశోధన, ఆర్కైవు పనులకు మినహాయింపు ఇచ్చింది.

జ్ఞాపకం పొరబడుతుందన్నది తరచు వచ్చే విమర్శ. ఇటలీ చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి దీనికి జవాబు చూపారు. టెర్ని పట్టణంలో 1949లో నాటోకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో చనిపోయిన ఉక్కు కార్మికుడి మరణాన్ని చాలామంది 1953 నాటి ఉద్యోగాల తొలగింపు గొడవల్లో జరిగినట్టు గుర్తుంచుకున్నారు. తేదీ తప్పింది గానీ, వారి దృష్టిలో దేనికి దేనితో సంబంధమో ఆ తప్పే చెప్పింది. అధికారిక పత్రమూ పక్షపాతానికి అతీతం కాదు. సమావేశ నివేదికను రాసేది సచివాలయం, దిద్దేది ప్రతినిధులు.

అంచనా

గత పాతికేళ్లలో వాణిజ్య విధాన పత్రాల డిజిటలీకరణ బాగా ముందుకు సాగింది. గాట్ కాలపు అధికారిక పత్రాలు ప్రపంచమంతా చదవగల స్థితిలో ఉన్నాయి. దౌత్యవేత్తల మౌఖిక చరిత్రలూ చెప్పుకోదగినంతగా చేరాయి. విధానం ఎవరి మీద పడిందో వారి గొంతులను నమోదు చేయడం, వాటిని పత్రాలతో కలిపి వెతికే వీలు కల్పించడం ఇంకా వెనుకబడే ఉంది. పత్రం ఆలస్యంగానైనా స్కాన్ చేయవచ్చు, మనిషి పోతే ఆ మాట తిరిగి రాదు. డంకెల్ వ్యతిరేక సభలకు నడివయసులో వెళ్లిన రైతులు ఇవాళ వృద్ధాప్యంలో ఉన్నారు. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, రాష్ట్ర ఆర్కైవులు, చేనేత సహకార సంఘాలు, రైతు సంఘాలు వారి మాటలను పద్ధతిగా, సమ్మతితో, మంచి నాణ్యతలో రికార్డు చేయించే పనిని ముందు చేపట్టాలి.